నలకలత్త కంటి వంపు

ఆ రోజుల్లో కన్ను కొలవాలంటే ఇంకో కన్ను కావాల్సి వచ్చేది. ఇప్పుడు మిషన్ ముందు గడ్డం పెట్టగానే లోపల ఒక పొడవాటి రోడ్డూ, దాని చివర రంగురంగుల గాలి బుడగా కనిపిస్తాయి. అదేమిటో తేల్చుకునేలోపే మీ కంటి వంపు ఎంతో, ఏ కోణంలో ఎంతో కాగితం మీద అచ్చయి బయటికొచ్చేస్తుంది. కొలిచిన పిల్ల మీ మొహం చూడదు, మీరు ఆ పిల్ల మొహం చూడరు, అందరూ క్షేమం. ఆ రోజుల్లో అలా కుదిరేది కాదు. రోగి కన్ను ఒక పక్క, నా కన్ను ఒక పక్క, మధ్యలో ఇనుప గొట్టం. ఆ గొట్టంలోంచి నేను చూసినన్ని కళ్లు కరీంనగర్‌లో పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లు కూడా చూసి ఉండరు. ఇదిగో, ఇక్కడే ఆగి ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను కోతలు కోస్తాను. కావాలని కాదు. పొద్దస్తమానం మిల్లీమీటర్‌లో నూరోవంతు తేడా వస్తే తిట్లు తినే ఉద్యోగం చేసిన మనిషికి, నోరు తెరిచినప్పుడైనా కొలత లేకుండా మాట్లాడకపోతే ఊపిరాడదు. మా ఇంటావిడ నేను ఏం చెప్పినా సగానికి సగం కోసుకుని, మిగిలినదాన్ని పొరుగింటి వాళ్లనడిగి ఖాయం చేసుకుంటుంది. మీరూ అలాగే చదువుకోండి. చివర్లో ఏది కల్పించానో నేనే చెప్పేస్తాను, పొరుగింటికి పోనక్కర్లేదు.

నాకప్పుడు ఇరవై దాటి రెండు మూడేళ్లు. కరీంనగర్‌లో ఒక చిన్న కంటి దవాఖానలో కొలతలు తీసే కుర్రాడిగా కొత్తగా చేరాను. మా పెద్ద డాక్టరు గారిని మేము చాటుగా ‘అర మిల్లీ సారు’ అనేవాళ్లం. నల్లగుడ్డుకు ముందు, గడియారానికి అద్దంలా బిగించి ఉండే కార్నియా (మా పుస్తకంలో దానికి శుక్లపటలమని పేరు, ఆ పేరు చెబితే రోగులు తమకు ఏదో పెద్ద జబ్బే వచ్చిందని ఏడ్చేవాళ్లు, అందుకని మేము కార్నియా అనే అనేవాళ్లం) మధ్యలో అర మిల్లీమీటరు మందం ఉంటుంది. ఆ అర మిల్లీమీటర్‌ను సారు రోజుకు వందసార్లు తలుచుకునేవారు. ఆలస్యంగా వస్తే, ‘అర మిల్లీలో అయిదు పొరలు ఇమిడి ఉన్నయ్, నువ్వు అరగంటలో తయారై రాలేవా’ అనేవారు. టీ ఎక్కువ పోసుకుంటే, ‘కార్నియాను చూసి నేర్చుకో, ఒక్క రక్తనాళం లేదు, గాలిలోంచి, కన్నీళ్లలోంచి తీసుకుని బతుకుతుంది’ అనేవారు. ఒంట్లో అంత నిరాడంబరంగా బతికే భాగం ఇంకొకటి లేదని వారి నమ్మకం. మాకిచ్చే జీతం కూడా ఆ నమ్మకంతోనే ఇచ్చేవారు.

నా చేతికి అప్పగించిన యంత్రం కెరటోమీటర్. రోగి ఒక చిన్న తొట్టిలో గడ్డం, పైన పట్టీకి నుదురు ఆనించి కూర్చోవాలి. యంత్రంలోంచి వెలుగు వలయాలు మూడు వెళ్లి కార్నియా మీద పడి, బిందె మీద దీపం మెరిసినట్టు మెరిసి, వెనక్కి తిరిగి నా కంటికి వస్తాయి. వాటి అంచుల్లో చిన్న ప్లస్ గుర్తులూ మైనస్ గుర్తులూ ఉంటాయి. పక్కనున్న నాబులు తిప్పుతూ ప్లస్ మీద ప్లస్, మైనస్ మీద మైనస్ కూర్చోబెడితే కార్నియా అడ్డం వంపు ఎంతో, నిలువు వంపు ఎంతో అంకెలు వస్తాయి. మామూలు మనుషులకు నలభై మూడు, నలభై నాలుగు, అటూ ఇటూ. మోతిబిందు, అదే కంటి శుక్లం, ఆపరేషన్‌లో లోపల ఏ నంబరు లెన్స్ పెట్టాలో లెక్కగట్టేది కంటి పొడవుతో పాటు ఆ అంకెను బట్టే. నేను ఇక్కడ ఒక్క అంకె తప్పితే, అక్కడ లెన్స్ ఒక్క నంబరు తప్పుతుంది. ఆ మనిషి బతికినన్నాళ్లూ లోకాన్ని మసగ్గా చూస్తూ నన్ను తిట్టుకుంటూ ఉండాల్సిందే. ఇంత పెద్ద బాధ్యత ఇరవై మూడేళ్ల కుర్రాడి మీద పెట్టడమేమిటని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం నా అంతవాడు లేడనిపించేది.

ఇక నలకలత్త. మా బాపుకు అక్క. ఆదిలాబాద్‌లో ఉండేది. మామ జిన్నింగ్ మిల్లులో పని చేసేవాడు. పత్తి గింజనూ దూదినీ వేరుచేసే ఆ మిల్లుల్లో గాలి నిండా దూది ధూళే. పనివాళ్ల కళ్లలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒక నలక పడుతూనే ఉండేది. ఆ నలకలన్నీ తీసేది మా అత్త. కంట్లో ముందు ఒక ఆముదం చుక్క వేసేది, కన్ను మెత్తబడాలని. ఆ తర్వాత రెప్ప తిరగేసి కొంగు అంచుతో తీసేది. కొంగుకు లొంగని నలకైతే నాలుక చివరతో తీసేది. (అవును, నాలుకతోనే. మీరు మొహం చిట్లించారని నాకు తెలుసు. మా సారు చిట్లించిన దాని ముందు మీది ఏపాటి.) ఎడమ కన్ను మాత్రం ఆమెకు ఎప్పటినుంచో లేదు; కార్నియా మీద తెల్లటి పువ్వు వేసి చూపు పోయింది. కుడి కన్ను ఒక్కదానితోనే ఊరందరి కళ్లూ చూసేది. ఆ కుడి కంట్లో మోతిబిందు ముదిరి, నలక ఏదో రెప్పవెంట్రుక ఏదో తెలియని రోజు వచ్చింది. అప్పటికీ ఒప్పుకోలేదు. మేనల్లుడు కొలిస్తేనే ఆపరేషన్ చేయించుకుంటానని, లేకపోతే ఇలాగే పోతానని మామతో కబురు పంపింది. నేను కొలతలు తీసేవాణ్ని మాత్రమే అని ఆమెకు ఎంత చెప్పినా, ఆదిలాబాద్ బజారు మొత్తానికి అప్పటికే నన్ను పెద్ద కళ్ల డాక్టర్ని చేసేసింది.

ఒక రోజు పొద్దున్నే ఇద్దరూ దిగారు, అత్త చేతిలో నిండు ఆముదం సీసాతో సహా. ఆపరేషన్ మర్నాడు. ఆ తర్వాత సారు పై చదువుల మీటింగులంటూ చాలా రోజులు ఊళ్లో ఉండరు. మామకేమో పత్తి సీజన్ మొదలవబోతోంది, మిల్లు వదిలి మళ్లీ రాలేడు. అత్త ఇంకో మాట కూడా ముందే చెప్పేసింది, ఈసారి కాకపోతే మళ్లీ రానని. ఉన్నది ఒక్క కన్ను. చేస్తే అది రేపే చెయ్యాలి. చెయ్యాలంటే ఇవాళ సాయంత్రంలోగా నా కొలత తేలాలి. పరిస్థితి అది. నేను కాలరు సర్దుకుని కెరటోమీటర్ ముందు కూర్చున్నాను.

అత్త వెంటనే కూర్చోలేదు. యంత్రానికి దండం పెట్టింది. చుట్టూ తిరిగి చూసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, “కంట్ల నలక ఉంటె తియ్యాలె గాని, కన్ను కొలుసుడేందిరా? నేనేమన్న జాకెట్ కుట్టించుకుంటున్ననా?” అంది. వెనక నిలబడ్డ మామ, “కశాలా?” అన్నాడు. మామకు అది ఊతపదం. మిల్లులో మరాఠీ వాళ్ల మధ్య పని చేసీ చేసీ ‘ఎందుకు’ అనడం మానేసి దేనికైనా కశాలా అనేవాడు. అన్నం పెడితే కశాలా, పెట్టకపోతే కశాలా. ఆ ఒక్క రోజులో ఆయన నన్ను కశాలా అని అడిగినన్నిసార్లు నా పెళ్లప్పుడు పిల్ల తరఫు వాళ్లు కూడా ఎందుకని అడగలేదు.

గడ్డం పెట్టమన్నాను. పెట్టింది. మాట్లాడొద్దన్నాను. ఎందుకు మాట్లాడకూడదని అడగడానికి గడ్డం ఎత్తింది. మళ్లీ పెట్టించాను. కన్ను మూయొద్దన్నాను. అంతే, ఆ మాట ఆమెకు ప్రతిజ్ఞ అయిపోయింది. రెప్ప కొట్టడం మానేసింది. నేను వలయాలు సర్దుకుంటున్నాను, ఆమె కన్ను తెరిచే ఉంది. నాబు తిప్పుతున్నాను, తెరిచే ఉంది. ఆదిలాబాద్ చలికాలం మొత్తం ఆ కన్ను అలా తెరిచే ఉంటుందేమో అనిపించింది. రెప్ప కొట్టకపోతే కార్నియా మీది కన్నీటి తడి ఆరిపోతుంది. ఆరితే అద్దం లాంటి నునుపు పోతుంది, వలయాలు అక్కడక్కడ తెగిపోతాయి. తెగిపోయాయి. రెప్ప కొట్టు అత్తా అన్నాను. కొట్టింది, కొట్టి అలాగే మూసి ఉంచింది. తెరువు అన్నాను. “మూయమంటవ్, తెరువమంటవ్, నీకే ఎరుకలేదురా ఏం గావాల్నో,” అంది. చిన్నప్పుడు నా చెడ్డీలు ఉతికిన మనిషికి నేను రెప్ప ఎలా కొట్టాలో నేర్పించడం ఏ దేవుడి శాపమో నాకు తెలియదు.

అక్కడితో వదిలేసి ఉంటే బాగుండేది. కానీ సారు దగ్గర నేర్చుకున్న పాఠం నా పొట్టలో అరగక తన్నుతోంది. ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. కార్నియాలో నెత్తురు ఉండదని, ఉంటే ఆ ఎరుపు చూపుకు అడ్డం పడుతుందని, ఒంట్లో మరెక్కడా లేనన్ని నరాలు అక్కడున్నాయని, అందుకే నలక పడితే ప్రాణం పోయినంత పని అవుతుందని చెప్పాను. అత్త ఆ చివరి మాటకు మాత్రం తల ఊపింది, అది ఆమె ఇలాకా. లోపలి పొరలో సన్నటి కణాలు మోటార్లలా రేయింబవళ్లు నీళ్లు తోడి బయట పోస్తాయని, అవి ఆగితే కార్నియా ఉబ్బి తెల్లబడుతుందని చెప్పాను. మామకు మొదటిసారి ఆసక్తి పుట్టింది. “మోటర్లంటున్నవ్, మరి కరెంటు యాడికెల్లి అస్తది అల్లుడా?” అన్నాడు. ఆ ప్రశ్న దాటేసి కన్నీళ్ల దగ్గరికి వచ్చాను. కన్నీరంటే ఉత్త నీళ్లు కాదని, దాని మీద కంటికి కనిపించనంత పల్చని నూనె పొర ఒకటి ఉంటుందని, ఆ నూనె పొర ఉంటేనే నీళ్లు ఆరకుండా నిలుస్తాయని, అది సరిగ్గా లేకపోతే నా లెక్క తప్పుతుందని వేళ్లు ఆడిస్తూ చెప్పాను. అత్త చాలా శ్రద్ధగా విన్నది. ఆమె అంత శ్రద్ధగా నా మాట వినడం అదే మొదలు. నాకు గర్వంగా కూడా అనిపించింది. కాసేపు కూర్చొని రమ్మని పంపించాను.

వచ్చింది. గడ్డం పెట్టింది. ఈసారి మాట్లాడలేదు, రెప్ప కూడా చెప్పినట్టే కొట్టింది. నేను గొట్టంలోంచి చూశాను. వలయాలు వలయాల్లా లేవు. ఎవరో జిలేబీలు వేసి, వాటిని పాకంలోంచి తీస్తూ మధ్యలో వదిలేసినట్టున్నాయి. ప్లస్ గుర్తు ఒక పక్కకు జారుతుంది, మైనస్ గుర్తు రెండుగా చీలుతుంది. నాబు తిప్పితే ముప్పై తొమ్మిది. మళ్లీ తిప్పితే నలభై ఏడు. ముక్కున వేలేసుకుని మళ్లీ తిప్పితే నలభై రెండు, కోణం మొత్తం తలకిందులు. నా కింద కుర్చీ కదిలిందేమో చూశాను. కదల్లేదు. యంత్రం మీద అనుమానం వచ్చింది. సరి చూసుకోవడానికి ఒక ఉక్కు గుండు ఉండేది, దాని వంపు ఎప్పుడూ ఒకటే. దాన్ని పెట్టి చూశాను, సరిగ్గా ఉంది. ఉక్కు గుండును నమ్మలేక మామను కూర్చోబెట్టాను. (కశాలా అంటూనే కూర్చున్నాడు.) పాఠ్యపుస్తకంలో బొమ్మలా గుండ్రంగా, నిండుగా, నలభై నాలుగు. మామ లేచి హాల్లో ఉన్న రోగులందరికీ తన కన్ను పాసైందని చెప్పి వచ్చాడు.

కాసేపు ఆగి మళ్లీ పిలిచాను. మళ్లీ జిలేబీలే, ఇంకాస్త పాకం ఎక్కువైంది. ఇంక నా వల్ల కాక సారును పిలిచాను. సారు కొలిచారు. ఆయనకు నాకు రాని అంకెలు వచ్చాయి. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కొలిచారు. ఈసారి ఇందాక తనకే రాని అంకెలు వచ్చాయి. “ఏందయ్యా ఇది, కన్నా వాతావరణమా?” అన్నారు. పెద్ద దీపం వేసి చూసి, కన్నీళ్లు చిక్కగా ఉన్నాయని, దూది ధూళి వల్ల ఎలర్జీ కావచ్చని, కాకపోతే కార్నియా శంఖంలా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు కావచ్చని, కానీ ఆ జబ్బు ఈ వయసులో కొత్తగా బయటపడదని, ఆయనలో ఆయనే వాదించుకున్నారు. ఆముదం వాసన ఎవరికీ రాలేదా అని మీరడగొచ్చు. వచ్చింది. మా అత్త నెత్తి నుంచి ఆముదం వాసన రాని రోజు నేను పుట్టాక లేదు. ఆమె గదిలోకి వస్తుందంటే ఆముదమే ముందు వచ్చేది. సారు లేస్తూ నాతో చెప్పిన మాట మాత్రం వెంటనే బుర్రకెక్కింది. సాయంత్రంలోగా నమ్మదగిన అంకె రాకపోతే ఆ కంట్లో తాను లెన్స్ పెట్టనని, ఉన్న ఒక్క కంటితో జూదమాడనని. అది తిట్టు కాదు, అందుకే ఎక్కువ భయమేసింది.

ఆ భయంలో నేను చెమటలు తుడుచుకుంటుండగా హాల్లోంచి గోల వినిపించింది. పోయి చూస్తే రోగుల వరుస నా గది ముందు లేదు. అత్త ముందు ఉంది. మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన కంట్లో ఏదో గుచ్చుకుంటోందన్నాడట. ఆమె అతని తల వెనక్కి వంచి, రెప్ప తిరగేసి, కొంగుతో కాక, పై పద్ధతికి వెళ్లింది. వెళ్లిన ఆ క్షణానికే అర మిల్లీ సారు తన గదిలోంచి బయటికి వచ్చారు. ఒక కంటి డాక్టరు తన దవాఖానలో, తన మోతిబిందు పేషెంటు, తన ఇంకో పేషెంటు కన్ను నాకుతుండగా చూడటం ప్రపంచ చరిత్రలో అదొక్కటే అయి ఉంటుంది. ఆయన నోరు తెరిచారు. తెరిచాక ఆగలేదు. నోట్లో ఎన్ని క్రిములుంటాయో, కార్నియా పై పొర గీరుకుంటే అవి లోపలికి ఎలా దిగుతాయో, పుండు పడి మానినచోట పువ్వు ఎలా వేస్తుందో అక్కడికక్కడే పాఠం చెప్పేశారు. మెట్‌పల్లి పెద్దాయన మధ్యలో అడ్డుపడి నలక పోయిందని, ఇంకేం అక్కర్లేదని లేచి వెళ్లిపోయాడు. సారు ఆయన వెనక చుక్కల మందు పట్టుకుని మెట్ల దాకా పరుగెత్తారు. అత్త నా వైపు తిరిగి, మీ సారుకు గుణం మంచిదే కానీ కోపమెక్కువని, పిత్తం చేసిందేమోనని నెమ్మదిగా అంది.

ఆ తర్వాత కూడా పిలిచాను, కొలిచాను, నెత్తి బాదుకున్నాను. ఎండ దిగిపోతోంది. యంత్రం మీద తల పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మామ మెల్లగా లోపలికి తొంగి చూశాడు.

“అల్లుడా, గీ కరీంనగర్‌ల మంచి ఆముదం యాడ దొరుకుతది? మీ అత్త సీస అయిపోయింది.”

నా కొంప మునుగుతుంటే ఈయనకు ఆముదం కావాల్సి వచ్చింది. “పొద్దున నిండు సీసనే ఉండె గదా మామా. నెత్తికి గంత పెట్టుకుంటదా?”

“నెత్తికి కాదు. కంటికి.”

నేను కూర్చున్న కుర్చీ ఈసారి నిజంగానే కదిలింది. హాల్లోకి పోయాను. అత్త బెంచీ మీద కాళ్లు ముడుచుకుని, ఖాళీ సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎన్నిసార్లు వేశావని అడిగాను.

“నువ్వు పిలిసినప్పుడల్లా ఏసిన. ఉత్తకన్నుతోని అచ్చి కూసుంటరార మిషిన్ కాడ?”

“ఎవలు ఏయమన్నరు అత్తా?”

“నువ్వే. పొద్దుగాల ఏం జెప్పినవ్? కన్నీళ్ల మీద నూనె పొర ఉండాలె, లేకుంటె లెక్క తప్పుతది అంటివా లేదా? నా అసుంటి ముసల్దానికి నూనె యాడ ఊరుతదిరా? నువ్వేమో లెక్క కుదురుతలేదని పరేషాన్ అయితున్నవ్. జర ఎక్కువనే ఏసిన మల్ల.”

నేను ఎంత పరేషాన్ అయితే ఆమె అంత పోసింది. ఆమె ఎంత పోస్తే నేను అంత పరేషాన్ అయ్యాను. పొద్దుటి నుంచి నేను కొలుస్తున్నది మా అత్త కంటిని కాదు, ఆదిలాబాద్ గానుగ ఆముదాన్ని. సారు దగ్గరికి పోయి తల వంచుకుని చెప్పాను. తిడతారని చెవులు సిద్ధం చేసుకున్నాను. ఆయన ఫ్యాను వైపు చూసి, “పాఠం మంచిగనే చెప్పినవయ్యా. విన్నోళ్లు గూడ మంచిగనే విన్నరు,” అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదు.

సెలైన్‌తో కన్ను కడిగాం. కడిగిన కొద్దీ ఆముదం వచ్చింది; ఆ కంట్లోంచి వచ్చిన ఆముదంతో ఒక ఇంటికి దీపావళి గడిచేది. కడగడం అయ్యాక సారు చుక్కల మందు వేసి, కార్నియా తన పద్ధతిన తాను తేరుకోవాలని, గంటసేపు ఎవరూ ఏమీ చేయకుండా ఉంచితే చాలని, ఆ తర్వాత ఒక్కసారి కొలుస్తామని, వస్తే వచ్చినట్టు, లేకపోతే ఇంటికి పంపించేద్దామని అన్నారు. నన్ను పక్కన కాపలా కూర్చోబెట్టారు. ఆ గంట నేను ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, దొంగను పట్టుకున్న పోలీసులాగా. వదిలితే ఏ మూట విప్పి ఇంకో సీసా తీస్తుందోనని. మామ ఎదురుగా నిలబడి మా ఇద్దర్నీ చూస్తూ ఉన్నాడు.

అత్త తన ఎడమ కన్ను సంగతి చెప్పింది. పెళ్లి కాకముందు, జొన్న కంకులు కొడుతుంటే పొట్టు ఎగిరి పడిందట. తీసేవాళ్లు లేరు. రెండు రోజులు నలుపుకుంటూనే ఉందట. ఎవరో ఆకు పసరు పిండారట. అది మానేసరికి పువ్వు వేసింది. అప్పటి నుంచి ఎవరి కంట్లో ఏం పడినా తాను ఊరుకోలేనని చెప్పింది. ఇది ఆమె ఎవరికీ చెప్పుకోగా నేను వినలేదు. ఆ తర్వాత, అంతే మామూలుగా, “గీ కన్ను గూడ పోతే ఎట్లరా?” అంది. పోదు అని నేను అనలేదు. కొలతలు తీసేవాడికి అలా అనే హక్కు లేదని అప్పటికి నాకు తెలిసింది.

గంటయ్యాక కూర్చోబెట్టాను. గడ్డం పెట్టింది. నుదురు ఆనించింది. రెప్ప కొట్టమంటే కొట్టింది, తెరవమంటే తెరిచింది. నేను గొట్టానికి కన్ను ఆనించి చూశాను. మూడు వలయాలు, చీకటి నీళ్లలో పడ్డ చందమామల్లా, గుండ్రంగా నిలబడి ఉన్నాయి. ప్లస్ మీదికి ప్లస్ జరిగి కూర్చుంది. మైనస్ మీదికి మైనస్ జరిగింది. నలభై నాలుగుకు పావు తక్కువ, ఇంకో పక్క నలభై నాలుగున్నర. మళ్లీ తీశాను, అదే. ఇంకోసారి తీశాను, అదే. లేచి నిలబడి సారును పిలిచాను. ఆయన కూర్చుని, నాబులు తిప్పి, అంకె చదివి, మళ్లీ నా మొహం చూసి, రేపు పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మని అత్తతో అన్నారు.

ఆపరేషన్ తర్వాతి రోజు కట్టు విప్పేటప్పుడు నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, లోపలికి పోయే ధైర్యం లేక. అత్త కన్ను తెరిచింది. రెండుసార్లు రెప్ప కొట్టింది. సారు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగారు. ఎన్నో చెప్పి, గోర్లు తీసుకోమని కూడా చెప్పింది. ఆ తర్వాత మామ వైపు తిరిగింది. చాలాసేపు చూసింది.

“నీ మీసాలు తెల్లగైనయని నాకు ఎవలు జెప్పలే,” అంది.

మామ ఏమీ అడగలేదు. తువ్వాలతో మొహం తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి పోయాడు. నేను మాత్రం అక్కడే, తలుపు దగ్గరే, నా అంకె గురించి నాకు నేనే చప్పట్లు కొట్టుకుని, ఈ దవాఖాన నేను లేకుండా నడవదని తీర్మానించుకున్నాను. ఆ కుర్రాణ్ని ఇప్పుడు తలుచుకుంటే, పిలిచి ఒక టీ ఇప్పించి, వలయాలు నిలబడ్డది నీ వల్ల కాదురా నాయనా, కన్ను కడిగినందువల్ల అని చెప్పాలనిపిస్తుంది. వింటాడని నమ్మకం లేదు. ఉపన్యాసం మొదలుపెడతాడు.

ఇక మాటిచ్చాను కాబట్టి చెప్పాలి. మెట్‌పల్లి పెద్దాయన నిజం. నాలుక నిజం. ఆముదం సీసా నిజం, నిండుది కాకపోవచ్చు. దీపావళి సంగతి మీరే కోసేసుకుని ఉంటారు. పూర్తిగా కల్పించింది ఒక్కటే. ఆ గంటసేపు నేను ఆమె చేతులు పట్టుకున్నానని రాశాను. నేను పట్టుకోలేదు. ఆమె తనంతట తాను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, సీసా కోసం వెతకనే లేదు. చేతులు వణుకుతున్నవి నావి. కాసేపు చూసి, ఆమే నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. “మెల్లగనే చూడు బిడ్డా,” అంది, “నేను యాడికి వోతలేను.”